స్టార్టు కాని బండి, తలుపు చాటు అత్తగారు

మా అత్తగారు పోయారన్న కబురు నాకు దాచేపల్లిలో, ఒక మందుల షాపు మెట్ల మీద తెలిసింది. ఫోన్ చేసింది మా ఆవిడ. ముందు ఏడుపు వినిపించింది, ఆ తర్వాత మాట. "అమ్మ పోయిందండీ. పొద్దున్నే కాఫీ తాగి అరుగు మీద కూర్చుందట. పలకరిస్తే పలకలేదట. నేను బయలుదేరుతున్నా, మీరు అటునుంచి అటే ఊరికి వచ్చెయ్యండి" అంది. షాపాయన కుర్చీ జరిపి మంచినీళ్ళిచ్చాడు. తాగానో లేదో గుర్తు లేదు. బయటికి వచ్చి బండెక్కి కిక్ కొట్టాను. స్టార్టు కాలేదు. ఇంకోటి కొట్టాను. కాలేదు.

మామూలుగా అయితే అలాంటప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను ఎరిగినవాళ్ళందరికీ నా కోపం కూడా బాగా తెలుసు. కానీ ఆ రోజు కాలు దానంతటదే ఆగింది. బండి దిగి పక్కన నిలబడి దాని వైపు చూశాను. పెట్రోలు ట్యాప్ కట్టేసి ఉంది. షాపులోకి వెళ్తూ కట్టింది నేనే. ట్యాప్ తిప్పి, కాసేపు ఆగి కొడితే మొదటి కిక్కుకే అందుకుంది. కాలెత్తే ముందు ఆగమని, చూడమని, వినమని నాకు నేర్పింది ఎవరో, నేను ఇప్పుడు బయలుదేరింది ఎవరి దగ్గరికో అప్పుడు తోచింది. పిడుగురాళ్ళ దాటేదాకా ఏడుస్తూనే బండి నడిపాను.

మా అత్తగారి గురించి రాయమంటే మా బంధువుల్లో ఎవరైనా ఆవిడ వంట గురించి రాస్తారు, ఓర్పు గురించి రాస్తారు. రెండూ నిజమే, కాదనను. ఓర్పు సంగతి అల్లుడిగా నాకు ఇంకా బాగా తెలుసు. కానీ నేను చెప్పదలచుకున్నది వేరు. ఆవిడ జన్మలో బండి నడపలేదు. స్పానరు చేత్తో పట్టుకోలేదు. అయినా మొరాయించిన మోటారు సైకిల్ మనసులో ఏముందో ఆవిడకు తెలిసినట్టు తెలిసిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా రెండు జిల్లాలూ బండి మీదే తిరుగుతున్నవాణ్ణి, నేను చూసిన మెకానిక్కులు తక్కువేం కాదు. ఆవిడను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉండిపోతాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా అత్తగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపమేం లేదు, అది వాళ్ళ ఇంటి మర్యాద. అల్లుడి ఎదురుగా అత్తగారు నిలబడకూడదు, ముఖాముఖీ మాట కలపకూడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే తలుపు చాటునుంచి మూడో మనిషికి చెప్పినట్టు చెప్పాలి. ఆ మూడో మనిషి సాధారణంగా మా ఆవిడ. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు ఇదంతా మొదట్లో నవ్వులాటగా ఉండేది. మా ఆవిడతో అంటే, "మా అమ్మమ్మ అయితే తలుపు చాటునుంచి కూడా మాట్లాడేది కాదు, ఇది నయం కదా" అనేది.

పెళ్ళైన కొత్తలో, తొంభైల చివర్లో అన్నమాట, ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాం. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు కొంత దూరం పోయి, మెయిన్ రోడ్డు దిగి మిరప చేల మధ్యగా లోపలికి వెళ్ళాలి. సోమవారం పొద్దున్నే నేను బ్రాడీపేటలో ఒక పెద్ద డాక్టరుగారిని కలవాలి. తెల్ల చొక్కా వేసి, టై కట్టి, బ్యాగు తగిలించుకుని కిక్ కొట్టాను. ఏం లాభం. కొడుతున్న కొద్దీ నాకు చెమట, దానికి నిద్ర. వీధిలో నలుగురూ పోగయ్యారు. "పక్కకి వంచరా, పెట్రోలు దిగుద్ది" అని ఒకరు, "తోసి గేర్లో వెయ్యి" అని ఒకరు. అల్లుడు అవస్థ పడుతుంటే చూడటానికి ఏ ఊళ్ళోనైనా జనానికి తీరిక ఉంటుంది.

అప్పుడు తలుపు వెనకనుంచి ఆ గొంతు వినిపించింది. పెద్ద గొంతు కాదు, తొందరా లేదు. "అమ్మాయీ, ఇంక కొట్టొద్దని చెప్పు మీ ఆయనకి. పెట్రోలు పొంగింది, వాసన ఇక్కడి దాకా వస్తోంది. చోక్ ఆపేసి, ట్యాప్ కట్టెయ్యమను. లోపలికొచ్చి కాఫీ తాగమను. తాగినాక ఎక్సలేటర్ మొత్తం తిప్పి పట్టుకుని కొట్టమను."

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. అయినా మా ఆవిడ నా దగ్గరికి వచ్చి ఆ మాటలన్నీ వరస తప్పకుండా మళ్ళీ అప్పజెప్పింది. "అలాగేనని చెప్పు" అన్నాను. అదీ తీసుకెళ్ళి తలుపు దగ్గర అప్పజెప్పింది. కాఫీ తాగాను, చెప్పినట్టే చేశాను. బండి రెండుసార్లు తుమ్మి అందుకుంది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర చీర కుచ్చెళ్ళు మాత్రం కనబడ్డాయి, అవి కూడా అప్పుడే లోపలికి వెళ్ళిపోతున్నాయి.

దారిలో మా ఆవిణ్ణి అడిగాను, మీ అమ్మకి ఇవన్నీ ఎలా తెలుసని. "ఏమో, అమ్మకి చెవి ఎక్కువ" అంది. కన్నతల్లి గురించి పిల్లలు అంతకంటే ఆలోచించరు, అందరి ఇళ్ళలోనూ అంతే.

మా ఆవిడ అందుబాటులో లేకపోతే ఆవిడ ఇంకెవరికైనా చెప్పేవారు. మా పాప ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో పాపకి చెప్పేవారు. ఎవరూ లేకపోతే గేదెకి చెప్పేవారు. నేను వరండాలో ఉన్నప్పుడు గేదె ఒంటి మీద నీళ్ళు పోస్తూ, "చైను లూజైంది, అడుగడుక్కీ కొట్టుకుంటోంది. గుంటూరు వెళ్ళాక బిగించుకోవాలి మరి" అని దానికి ఉపదేశించారు ఒకసారి. గేదె తల ఊపింది, నేనూ ఊపాను.

ఒక ఏడు పత్తి తీతలప్పుడు వెళ్ళాం. వరండాలో సగం దాకా పత్తి పోసి ఉంది, మిగిలిన చోట నా బండి పెట్టాను. పొద్దున కిక్ కొడితే చప్పుడైతే అవుతోంది, అందుకోవటం లేదు. ప్లగ్గు విప్పి చూశాను, నిప్పు బాగానే పడుతోంది. పెట్రోలు దిగుతోంది. ఇంక బూతులు తిట్టటమే మిగిలింది అనుకుంటుండగా ఉయ్యాల దగ్గర్నుంచి వినబడింది. "ఏమ్మా బంగారూ, మీ నాన్నని ఓసారి సైలెన్సర్ గొట్టంలోకి చూడమను. బండికి కావల్సినవి మూడే, తిండీ, నిప్పూ, ఊపిరీ. తిండి తింటోంది, నిప్పు రాజుకుంటోంది. లోపలి ఊపిరి బయటికి రావటం లేదు, వెనక చప్పుడే లేదు." పుల్ల పెట్టి గెలికితే గొట్టంలోంచి గుప్పెడు పత్తి వచ్చింది, దాని వెనక ఇంకో గుప్పెడు. ఎలుక రాత్రికి రాత్రే కాపురం పెట్టింది. నేను ఆ పత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ వంటింట్లో పోపు పెట్టుకుంటున్నారు. ఉయ్యాల దాకా వచ్చి ఆ ముక్క చెప్పి వెళ్ళారంతే.

అప్పటినుంచీ నాకు ఆ మూడు మాటలే పాఠం. ఎక్కడ బండి ఆగినా తిండీ, నిప్పూ, ఊపిరీ అనుకుంటూ వరసగా చూసుకుంటూ వస్తాను. "బండికి మొండితనం ఉండదు, అడగటం మనకి రాదు" అని ఆవిడ ఒకసారి గుమ్మానికి చెప్పగా విన్నాను. నిజానికి అది నా గురించే. నేను అప్పుడే బండిని కాలితో ఒక తన్ను తన్ని ఉన్నాను.

సెల్ ఫోన్లు వచ్చాక ఇంకా తమాషా. సున్నపురాయి లారీల రద్దీలో ఒకసారి, వాన వెలిసిన సాయంత్రం, దాచేపల్లి ఇవతల బండి ఆగిపోయింది. తిండి ఉంది, ఊపిరి ఉంది. దిక్కు తోచక అత్తగారి ఫోన్‌కి చేశాను. ఎత్తారు. "అత్తగారూ, నేనండీ" అన్నాను. మాట లేదు. చేలో గాలి చప్పుడు మాత్రం వినబడుతోంది. బండి ఆగిపోయిందని ఆ నిశ్శబ్దానికే చెప్పుకున్నాను. కొంచెంసేపటికి వాళ్ళ పాలేరు గొంతు గట్టిగా పలికింది. "అయ్యా, ఫోను ఇంజను కాడ పెట్టి కిక్కు కొట్టమంటన్నారు అమ్మగారు." కొట్టాను. లారీలు పోతూనే ఉన్నాయి, అందులో ఏం వినబడుతుందని నా అనుమానం. "నిప్పు పట్టం లేదంట. ప్లగ్గు మీద రబ్బరు మూత ఉంటది కదా, అది ఊడబెరికి లోపల తడి తుడిచి పెట్టమంటన్నారు." మూత పీకితే లోపల నీటి చుక్క నిలిచి ఉంది. జేబురుమాలుతో తుడిచి పెట్టాను, స్టార్టయింది. ఎక్కడి దాచేపల్లి, ఎక్కడి ఆ మిరప చేను. రోడ్డు పక్కన నిలబడి ఫోన్‌కి దండం పెట్టాను. లారీ క్లీనరు ఒకడు తల బయటపెట్టి నన్ను వింతగా చూస్తూ పోయాడు.

ఇవన్నీ ఎన్నైనా చెప్పొచ్చు. కానీ అసలు చెప్పాల్సిన రోజు ఒకటుంది. అది పాలేరు ఫోను పట్టుకున్న రోజులకంటే ముందటిది.

మా మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. నేను ఆయన్ని ఫోటోలో చూడటమే. ఆయన పోయాక చేను మామగారి అన్నగారు కౌలుకి తీసుకున్నారు. మా ఆవిడకి పెదనాన్న. ఊళ్ళో పెద్దమనిషి, గొంతు కూడా పెద్దది. కొన్నేళ్ళు అలా జరిగాక ఒక తొలకరికి మా అత్తగారు, ఈసారి చేను నేనే చేసుకుంటానని కబురు పంపారు. ఆయన వాకిట్లోకొచ్చి నిలబడి, మా ఆవిడతో, ఊరంతా వినేలా అన్నాడు. "మిరప చెయ్యటమంటే కూరొండినట్టనుకుందా మీ అమ్మ? సరే, చెయ్యమను. ఈ ఏడు ఏమన్నా తేడా వచ్చిందా, ఇంక చేను ఊసెత్తకుండా నాకు రాసిచ్చేసి, నీ దగ్గరికొచ్చి కూర్చోవాలి. ఒప్పుకుంటే చెప్పమను." తలుపు వెనకనుంచి ఆవిడ, "సరేనని చెప్పమ్మా" అన్నారు. బావగారితో కూడా ఆవిడ నేరుగా మాట్లాడరు.

ఆ ఏడు కాపు బాగా వచ్చింది. పురుగు వచ్చినప్పుడు ఆవిడే చేలో నిలబడి మందు కొట్టించారు. కోతలయ్యాయి. కాయంతా ఊరి బయట చేను పక్కన కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. ఇంకొక్క ఎండ పడితే బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి పంపటమే. ఆ దశలో కాయ తడిస్తే మచ్చ పడుతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం తాలు కింద పోతుంది. పోయేది కాయ ఒక్కటే అయితే ఆవిడ భయపడేవారు కాదు. చేనే పోతుంది.

ఆ ఆదివారం నేనూ మా ఆవిడా పొద్దున్నే వెళ్ళాం. పాపని గుంటూరులో మా అమ్మ దగ్గర వదిలాం. దారిలో చిలకలూరిపేటలో బండికి నిండా పెట్రోలు పోయించాను. నేరుగా కల్లానికే వెళ్ళాం. మా ఆవిడ కూలీలతో కలిసి కాయ తిరగేస్తూ అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే భోజనానికి ఇంటికి వచ్చాను. ఇంట్లో అత్తగారు చిరిగిన టార్పాలిన్ పట్టాలు కుట్టుకుంటున్నారు. నేను రాగానే లేచి లోపలికి వెళ్ళి, పీట వేసి, విస్తట్లో అన్నీ వడ్డించి, చెంబుతో నీళ్ళు పెట్టి చాటుకి తప్పుకున్నారు. నేను తింటున్నంతసేపూ తలుపు వెనక అలికిడి అవుతూనే ఉంది. ఏదో చెప్పాలని వచ్చినట్టు, ఆగినట్టు. గేదె కూడా మేతకి పోయింది ఆ పూట.

చెయ్యి కడుక్కుంటుండగా వెలుతురు తగ్గింది. తూర్పున నల్లగా మబ్బు లేచింది, దుమ్ము ఎత్తుకొచ్చింది. పట్టాలన్నీ ఇంట్లో ఉన్నాయి, కాయంతా కల్లంలో ఉంది. ఊళ్ళో ట్రాక్టర్లేమో యార్డుకి వెళ్ళి ఉన్నాయి. ఆవిడ పట్టాలు చుట్టి వాకిట్లోకి విసిరారు, నేను బండి వెనక కట్టాను. ఆవిడ చేలకి అడ్డం పడి కాలినడకన బయలుదేరారు, నేను డొంక దారి పట్టాను.

ఊరు దాటి కాలవ కట్ట ఎక్కానో లేదో బండి దగ్గి ఆగిపోయింది. కొట్టాను, లేదు. కాసేపాగి కొడితే అందుకుని, పది గజాలు పోయి మళ్ళీ ఆగింది. తిండి అనుకున్నాను, నిండా ఉంది. నిప్పు అనుకున్నాను, ప్లగ్గు విప్పి చూసే వ్యవధి లేదు. కొడుతూనే ఉన్నాను. గాలికి పట్టా అంచులు నా మొహం మీద కొడుతున్నాయి. ఇంతలో చేనుకి అడ్డం పడి వస్తున్న ఆవిడ కట్ట మీదికి ఎక్కారు. నన్ను చూసి అలవాటుగా దూరంగా ఆగిపోయారు.

నేను చుట్టూ చూశాను. ఆవిడా చూశారు. కట్ట మీద మనిషి లేడు, గొడ్డు లేదు, చెట్టు కూడా లేదు. మా ఇద్దరి మధ్య మాట మోసే ప్రాణి ఒక్కటి లేదు. ఆవిడ ఒకసారి మబ్బు వైపు చూశారు. కొంగు నడుముకి దోపుకున్నారు. సూటిగా నా దగ్గరికి నడిచి వచ్చారు.

"ఆగండి బాబూ" అన్నారు. "ఇంక కొట్టకండి. పెట్రోలు మూత తియ్యండి."

అన్నేళ్ళలో ఆవిడ నా మొహం చూసి మాట్లాడిన మొదటి మాట అది. "నిండా ఉందండీ అత్తగారూ. పొద్దున్నే పోయించా" అన్నాను.

"నిండా ఉంటేనే బాబూ ఈ రోగం. తియ్యండి."

తాళం తిప్పి మూత వదులు చెయ్యగానే ట్యాంకు ఉస్సుమని పొడుగ్గా గాలి పీల్చింది. మూత కింద పాలిథిన్ కాగితం బిగుసుకుపోయి ఉంది. ఎరువు బస్తా లోపలి సంచి కత్తిరించిన ముక్క అది. ఎక్కడిదో నాకు వెంటనే అర్థమైంది. కల్లాల రోజుల్లో ఆ ఊళ్ళో మిరప దుమ్ము పడకుండా ట్యాంకు మూత మీద గుడ్డ కట్టుకుంటారు. పొద్దున నేను తాళం బండికే వదిలేస్తే, వాళ్ళ పాలేరు అల్లుడుగారి బండి కదాని గుడ్డతో సరిపెట్టకుండా మూత కిందే పాలిథిన్ పెట్టి గట్టిగా బిగించాడు. మూతకి సన్నని చిల్లొకటి ఉంటుంది, అది మూసుకుపోయింది. నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె దిగదు, గాలికి ఇంకోటి పెట్టాలి. ఇదీ అంతే. పెట్రోలు ఉండీ కిందికి దిగలేదు.

ఆవిడ ఆ కాగితం లాగి పారేశారు. "ఇందాక మీరు భోజనానికి వచ్చి ఇంటి ముందు ఆపినప్పుడే విన్నాను. ఊపిరాడక గొంతు పట్టుకున్నట్టు దగ్గింది. మీరు తింటున్నంతసేపూ చెప్పిద్దామనే చూశాను. ఇంట్లో ఎవరూ లేరు" అన్నారు. ఆ చివరి మాట అంటూ ఆవిడ కల్లం వైపు చూశారు. తన ఇంటి మర్యాద తన చేను మీదికి ఎంత దగ్గరగా వచ్చిందో ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది.

కొట్టాను. మొదటి కిక్కుకే అందుకుంది. ఆవిడ నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. పట్టాల మూట మీద ఎక్కి కూర్చున్నారు. అల్లుడి బండి వెనక కూర్చున్న అత్తగారిని ఆ ఊరు అంతకు ముందు చూసి ఉండదు.

కట్ట దిగాక ఇసుక. బండి మూలుగుతోంది. వీపు మీద చేత్తో తట్టినట్టయింది. భయపడుతున్నారేమోనని వేగం తగ్గించాను. మళ్ళీ తట్టారు, ఈసారి గట్టిగా. ఏమనిపించిందో, గేరు తగ్గించాను. బండి మూలుగు మాని సాఫీగా లాగింది. గట్టి నేల రాగానే మళ్ళీ తట్టారు, గేరు పెంచాను. కల్లం దాకా అంతే. ఎప్పుడు గేరు మార్చాలో ఆ చెయ్యి చెబుతోంది, నేను మారుస్తున్నాను. ఆ బండిని నేను అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అంత హాయిగా నడపలేదు.

మేం వెళ్ళేసరికి మా ఆవిడా కూలీలూ కాయంతా కుప్పకి నెట్టి ఎదురు చూస్తున్నారు. పట్టా పరవటం, వాన మొదలవటం ఒకేసారి. గాలికి అంచులు లేచిపోతుంటే రాళ్ళు చాల్లేదు. మనుషులమే చుట్టూ అంచుల మీద కూర్చున్నాం. అత్తగారు గాలి కొడుతున్న వైపు కూర్చున్నారు. నేనూ మా ఆవిడా ఈ పక్క. తడుస్తూ, పళ్ళు కొట్టుకుంటూ, ఆ తట్టడం సంగతి మా ఆవిడకి చెప్పాను.

తను నా వైపు తిరిగింది. "నాన్నకి చెవులు వినపడేవి కాదుగా" అంది. "చిన్నప్పట్నించీ ఆయిల్ ఇంజను పక్కనే పడుకునీ పడుకునీ పోయాయట. బండి చప్పుడు ఆయనకి తెలిసేది కాదు. అమ్మ వెనక కూర్చుని విని తట్టేది, ఆయన గేరు మార్చేవాడు. చేలో ఇంజను ఆగినా ఇంట్లోంచి అమ్మే కనిపెట్టి మనిషిని పంపేది. మీకు చెప్పలేదా?"

పెళ్ళికి ముందే పోయిన మనిషి చెవుల గురించి నాకెవరు చెబుతారు. వాన ధారల్లోంచి ఆవల కూర్చున్న ఆవిణ్ణి చూశాను. ఆవిడ ఒక మనిషికి ఏళ్ళ తరబడి చెవులై బతికారు. ఆ మనిషి పోయాక ఆ చెవులు ఊరికే ఉండలేక నా బండిని విన్నాయి. ఆ ఇంట్లో నాకు దక్కిన గౌరవం ఎంత పెద్దదో ఆ వానలో తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ కనబడదు కదాని ఆపుకోలేదు.

వాన వచ్చినంత త్వరగానూ వెళ్ళిపోయింది. పక్క కల్లంలోంచి పెదనాన్నగారు గొడుగు మూసుకుంటూ వచ్చి అవతలి గట్టు మీద నిలబడ్డారు. "ఏమైంది, తడిసిందా?" అని అరిచారు. తడిసిందో లేదో ఎవరికీ తెలియదు. అత్తగారు పట్టా కొస ఎత్తి, మోచెయ్యి దాకా కుప్పలోకి చెయ్యి పోనిచ్చి, ఒక కాయ బయటికి తీశారు. తడిసిన కాయ ఎంత ఊపినా మూగది. ఎండినదానికే లోపల గింజ కదులుతుంది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపలేదు. మా ఆవిడ పక్కనే ఉన్నా తనని పిలవలేదు. నా వైపు తిరిగి కాయ నా చేతిలో పెట్టారు.

"మా బావగారికి ఇవ్వండి బాబూ" అన్నారు. ఆవిడ నాతో నేరుగా అన్న ఆఖరి మాట అది.

నేను బురదలో జారుతూ, ఆ కాయ గుప్పిట్లో దాచుకుని గట్టు దాకా నడిచి వెళ్ళి ఆయనకిచ్చాను. ఆయన నా మొహం చూశాడు, కాయ చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పక్కన నిలబడ్డ నాకు కూడా గింజలు గలగలమనటం వినబడింది. ఆపి, చెవి మార్చి, మళ్ళీ ఊపాడు. వెనక కల్లంలో మా అత్తగారు ఇటు చూడను కూడా చూడకుండా, పట్టా మీద నిలిచిన నీళ్ళని చీపురుతో అవతలికి తోస్తున్నారు.